తెగని చొక్కా

వెర్నర్ కివేలా మార్చి నెలలో ఇంటికప్పు మీది మంచు తోస్తూ తోస్తూ గుండె ఆగి చనిపోయాడు. అప్పట్నుంచి ఊరు ఊరంతా అతని భార్య మార్లిస్‌తో గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది. చావుకి వచ్చినప్పుడు తగ్గించారంటే అర్థముంది. వేసవి పోయి, ఆకులు రంగు తిరిగి, పిట్టల వేట మొదలయ్యాక కూడా ఒక్కరూ గొంతు ఎత్తలేదు. పెట్రోలు బంకులో పనిచేసేవాడి దగ్గర్నుంచి, బడి వంటింట్లో ఆమె పక్కన నిలబడి బంగాళాదుంపల చెక్కు తీసే ఆడవాళ్ళ దాకా అందరిదీ ఒకటే గుసగుస. పసిబిడ్డ పడుకున్న గదిలో మాట్లాడతారే, అలా.

మార్లిస్ పడుకోవడం లేదు. ఏడవడమూ లేదు. ఆవిడకి ఏమీ అనిపించడం లేదు, అంతే. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది. మన దవడేనని తెలుసు, కొరికినా నొప్పి మాత్రం తెలీదు.

అక్టోబరులో బావగారు ఉర్హో వచ్చి కౌజుపిట్టల వేటకి రమ్మన్నాడు. ఉర్హో వెర్నర్‌కి అన్న. కలప మిల్లులో పనిచేసి చెవులు సగం పోగొట్టుకున్నాడు గాని నోరు చెక్కుచెదరలేదు. ఎవరు ఏ పిట్టని కొట్టినా కాస్త ముందు కొట్టాల్సిందనో, కాస్త ఆగి కొట్టాల్సిందనో వంక పెట్టకపోతే ఆయనకి తిండి సయించదు. ఆ రోజు దుంగల లారీలు తిరిగే పాత బాట వెంట ఇద్దరూ నడిచారు. ముందు కుక్క వాసన పడుతూ పోతోంది. పొదలోంచి బుర్రుమని ఒక పిట్ట లేస్తే మార్లిస్ కొట్టింది, పడింది. మలుపు దాటాక ఇంకోటి లేస్తే దాన్నీ కొట్టింది. రెండింటినీ కోటు జేబులో వేసుకుంది. చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం చేతి దగ్గరే ఆగిపోయింది, లోపలికి రాలేదు.

"భేష్," అన్నాడు ఉర్హో.

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళు లేరు. మార్లిస్ ఆయన వంక చూసింది. చూసి, చాలా రోజులుగా అనుకుంటున్న మాట చెప్పేసింది.

"బావగారూ, నవంబరులో దుప్పుల వేటకి క్యాంపుకి వస్తాను. అదే ఆఖరు. ఆ తర్వాత నేను రాను. నా మంచం జానీన్‌కి ఇచ్చెయ్యండి."

జానీన్ ఉర్హో కూతురు. మూలనున్న ఇనప మంచం మీద పడుకోలేక ఏటా నడుంనొప్పని ఏడుస్తుంది.

ఉర్హో కాసేపు కుక్క మెడ నిమిరాడు. "నీ ఇష్టం అమ్మా," అన్నాడు.

ఒకప్పుడు సొంత చెల్లెలి పెళ్ళికని మార్లిస్ ఒక్క సీజన్ మానేస్తానంటే, ఇదే మనిషి ఇంటిమీదకొచ్చి, పెళ్ళిళ్ళు పెట్టుకోవడానికి మీ వాళ్ళకి వేరే నెలే దొరకలేదా అని వీధి వీధంతా వినపడేలా అరిచాడు. ఇప్పుడు నీ ఇష్టం అమ్మా అంటున్నాడు. నన్ను తిట్టడం లేదేమిటి అని బాధపడాల్సిన మాటే అది. మార్లిస్‌కి ఆ బాధా కలగలేదు. సరేనని నడక సాగించింది.

క్యాంపంటే పెద్ద మాటేం కాదు. ఉర్హో తండ్రి దేవదారు దుంగలతో కట్టిన ఒక్క గది, కట్టెల పొయ్యి, నాలుగైదు మంచాలు, బయట ఆవిరిస్నానాల కొట్టు. నవంబరు పదిహేను దుప్పుల వేట మొదలు. ఆ రోజు బళ్ళకి సెలవు, మిల్లుకి సెలవు, పెళ్ళాం కాన్పుకైనా సెలవిచ్చేసేలా ఉంటారు మగవాళ్ళు. ముందురోజే నలుగురూ చేరారు. ఉర్హో, మార్లిస్, జానీన్, ఉర్హోకి చిన్నప్పటి స్నేహితుడు క్లైడ్. క్లైడ్ దుంగల లారీ నడుపుతాడు. వాడి నోట్లో నోరు పెట్టి గెలిచినవాడు చుట్టుపక్కల లేడు.

ఆ క్లైడ్ కూడా మార్లిస్‌ని చూడగానే టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "ప్రయాణం బాగా జరిగిందా అమ్మా? చలిగా లేదు కదా?" అన్నాడు.

"నా ఇంటి నుంచి అరగంట దారి క్లైడ్."

"అవుననుకోండి," అన్నాడు, మీరు అని ఏనాడూ అనని మనిషి.

ఆమెని నీళ్ళు మొయ్యనివ్వలేదు. కట్టెలు ముట్టుకోనివ్వలేదు. అక్టోబరులో కొట్టి గడ్డకట్టించి దాచిన పిట్టల్ని ఉల్లిపాయలేసి ఉడికిస్తూ, గరిటె చేతిలోకి తీసుకోబోతే జానీన్ లాగేసుకుంది. "నువ్వు కూర్చో పిన్నీ, నేనున్నాగా." బడిలో మూడు వందల మందికి వండే మనిషి ఒక మూల కూర్చుని, జానీన్ కూర అడుగంటించడం చూసింది. తిన్నాక పేకాట ఆడారు. క్లైడ్ చేతిలో ఆసు ఉంది. ఆమె పక్కన కూర్చుంది కాబట్టి స్పష్టంగా కనపడింది. ఆ ఆసు దాచుకుని అన్నిటికన్నా చిన్న ముక్క దుర్రీ వేసి, "అబ్బా, మళ్ళీ మీరే గెలిచారు!" అని తల పట్టుకున్నాడు. పేకాటలో సొంత తల్లికి కూడా పైసా వదలనివాడు. ఉర్హో, జానీన్ ఆశ్చర్యం నటించారు. ముగ్గురికీ నటన రాదు.

పాపం వాళ్ళు మంచివాళ్ళే. మంచితనానికి కూడా ఒక హద్దుండాలని వాళ్ళకి తెలీదు, అదీ సంగతి.

ఇక ఆ క్యాంపులో ఒక రివాజు ఉంది. దుప్పి మీద తుపాకి పేల్చి గురి తప్పితే తోక కోస్తారు. అంటే ఒంటిమీద చొక్కాకి వెనకవైపు కింది అంచు. రాత్రి వంట దించేలోపల, అందరిలోకీ పెద్దవాడు గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర తీసి జానెడు ముక్క కోసి, దాని మీద తప్పినవాడి పేరూ ఏడాదీ రాసి, పొయ్యి వెనక గోడకి మేకు కొడతాడు. ఎవరి తోక వాళ్ళు కోసుకోకూడదు. గాలి వీచిందనీ ఎండ కంట్లో పడిందనీ సాకులు చెబితే ఇంకో ముక్క కోస్తారు. కోసేముందు మిగతావాళ్ళు తనివితీరా ఎగతాళి చెయ్యాలి. వేటకంటే ఈ తిట్ల కోసమే వస్తారు సగం మంది. గోడ నిండా గళ్ళవీ చారలవీ తోకలే, పొగచూరి ఉంటాయి. మార్లిస్‌వి రెండున్నాయి.

పదిహేనో తారీఖు తెల్లవారుజామున, చీకట్లో మేకుకి తగిలించి ఉన్న చొక్కా తీసి తొడుక్కుంది మార్లిస్. ఎరుపూ నలుపూ గళ్ళ ఉన్ని చొక్కా. వెర్నర్‌ది. ఇంటి నుంచి సంచిలో వేసుకొచ్చిన వాటిలో అదే మందంగా ఉంది కాబట్టి తెచ్చుకుంది. అంతకు మించి ఆలోచించలేదు. దీపం వెలిగించగానే ముగ్గురూ ఆ చొక్కా చూశారు. ఉర్హో కాఫీ కప్పు పెదాల దాకా తీసుకెళ్ళి ఆపాడు. జానీన్ మొహం తిప్పేసుకుంది. మార్లిస్ దాని పైన వేటగాళ్ళ నారింజరంగు కోటు వేసుకుని గుండీలు పెట్టుకుంది.

వెర్నర్ ఏటా పొంచి కూర్చునే మాటులోనే కూర్చోబెట్టారు ఆమెని, అదే అన్నిటికన్నా మంచి చోటు కాబట్టి. ముందు ఒకప్పుడు బీవర్లు వాగుకి అడ్డుకట్ట కట్టి నీట ముంచేసిన మైదానం, అవతల దేవదార్ల గుంపు. బాగా తెల్లారాక ఒక ఆడదుప్పి బయటికొచ్చింది. దాని వెనకే మగది. ఎనిమిది మొనల కొమ్ములు, మెడ లావెక్కి ఉంది. మైదానం మధ్యలో ఆగి, అడ్డంగా తిరిగి నిలబడింది. అంతకన్నా తేలికైన గురి బతుకులో మళ్ళీ దొరకదు. మార్లిస్ రైఫిల్‌ని మాటు చెక్క చట్రం మీద ఆనించి, దాని మీది దుర్భిణిలోంచి భుజం వెనక చోటు చూసింది. చేతులు వణకలేదు. గుండె వేగం పెరగలేదు. ప్రతి ఏడాదీ ఆ క్షణంలో నోరు ఎండిపోయేది, చెవుల్లో హోరు వచ్చేది. ఇప్పుడేమీ లేదు. త్వరగా అయిపోతే బాగుణ్ణనుకుంది. మెల్లగా నొక్కాల్సిన ట్రిగ్గరుని తలుపు గడియలా లాగేసింది.

దుప్పి తెల్లతోక ఎత్తి దేవదార్లలోకి దూరిపోయింది. ఆమె వెళ్ళి మంచులో వెతికింది. నెత్తురు లేదు, వెంట్రుక లేదు. పైన ఒక కొమ్మ మాత్రం విరిగి వేలాడుతోంది.

సాయంత్రం లోపలికొచ్చి కోటు విప్పి చెప్పింది, "తప్పాను. పెద్దది. ఎనిమిది మొనలు. కదలకుండా నిలబడింది."

క్లైడ్ మొహం ఒక్కసారి వెలిగిపోయింది. అలవాటుగా చెయ్యి కత్తెర మేకు వైపు లేచింది. ఉర్హో కన్నెర్ర చేశాడు. లేచిన చెయ్యి గాల్లోంచి దిగి క్లైడ్ తల గోక్కుంది.

"ఎండ కంట్లో పడుంటుంది," అన్నాడు క్లైడ్.

"ఎండెక్కడిది? మబ్బు."

"గాలి..." అంది జానీన్.

"గాలీ లేదు."

"అలసిపోయుంటావు," అన్నాడు ఉర్హో. "కూర్చో. తిను."

తింది. ఆమె రెండు తోకలూ కోసినప్పుడు ఇదే గదిలో పైకప్పు లేచిపోయేలా అరిచారు. మొదటిసారి ఆమెకి కోపంతో కళ్ళనీళ్ళు వచ్చాయి. అందరికంటే ఎక్కువ నవ్వింది వెర్నరే. సాకు చెబితే ఇంకో ముక్క కోసే ఆ చోటే ఇప్పుడు ఆమెకొక్కదానికే, అడక్కుండానే, సాకుల మీద సాకులు వచ్చి పడుతున్నాయి.

మర్నాడు క్లైడ్ తప్పాడు. చిన్న కొమ్ముల పిల్లదుప్పి, లారీ పొడవంత దూరం కూడా లేదట. ఉర్హో వాణ్ణి బల్ల మీద బోర్లా పడేశాడు.

"ఒరేయ్, నీ లారీ ముందు చెట్టున్నా నీకు కనపడదు, దుప్పి ఏం కనపడుతుందిరా!"

"దాని వయసు చూసి జాలిపడ్డాన్రా!"

"సాకు! ఇంకో ముక్క కోయి నాన్నా!" అని జానీన్ కాళ్ళు పట్టుకుంది.

కత్తెర కచకచమంది. ముగ్గురూ పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఉర్హో మార్లిస్ వైపు చూశాడు, నవ్వు ఆపేశాడు. ఆయన్ని చూసి జానీన్ ఆపింది. క్లైడ్ బల్ల దిగి చొక్కా సర్దుకుని, "కాఫీ కావాలా అమ్మా?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది మార్లిస్‌కి. ఈ గదిలో ఆమె చుట్టమైపోయింది. మంచి పళ్ళెంలో వడ్డించి, ఎప్పుడు వెళ్తుందా అని కాకపోయినా, వెళ్ళాక గట్టిగా ఊపిరి తీసుకుందామని ఎదురుచూసే చుట్టం. వచ్చే ఏడాది రానని చెప్పింది తనే. కానీ వాళ్ళు ఆమెని ముందే పంపించేశారు, చనిపోయినవాడితో పాటే. ఎక్కడో లోపల సూదిమొన గుచ్చినట్టైంది. చిన్నదే.

మూడో రోజు మధ్యాహ్నం వంట అవుతుండగా ఉర్హో ఆమె రైఫిల్ తీసుకుని క్యాంపు వెనక్కి వెళ్ళాడు. రెండుసార్లు పేల్చిన చప్పుడు వినపడింది. లోపలికొచ్చి తుపాకి గోడకానించాడు.

"దుర్భిణి కదిలిపోయింది. జానెడు పైకి కొడుతోంది. అదీ సంగతి. నీ తప్పేం లేదమ్మా."

ఆ దుర్భిణి సరిచేసింది మార్లిసే, వారం కిందట, ఇంటి వెనక. పొయ్యి పక్కన ఖాళీ కాఫీ డబ్బా ఉంటే తీసుకుంది, రైఫిల్ తీసుకుంది, బయటికి వెళ్ళింది. మాటుకీ మైదానం మధ్యకీ ఎంత దూరమో అంత దూరంలో ఒక మొద్దు మీద డబ్బా పెట్టి, మంచులో బోర్లా పడుకుని, ఊపిరి సగం వదిలి, మెల్లగా నొక్కింది.

లోపల భోజనానికి కూర్చున్నారు. పళ్ళేల మధ్య డబ్బా పెట్టింది.

"ఇదేమిటి?" అన్నాడు క్లైడ్.

"కాఫీ డబ్బా. చిల్లు చూడు, నడిమధ్యలో ఉంది. నా తుపాకికి ఏ రోగమూ లేదు. ఈ వయసులో అబద్ధాలాడే రోగం బావగారికి పట్టింది."

ఉర్హో ముక్క నములుతూ ఆగాడు. "చలికి దుర్భిణి ఒక్కోసారి..."

"దుర్భిణి గురించి ఇంకొక్క మాట అన్నారంటే మీ చెవుల్లో మిగిలిన సగమూ పోయేలా అరుస్తాను. తప్పింది నేను. కొత్తగా తుపాకి పట్టిన పిల్లలా లాగేశాను. ఆ దుప్పి అడ్డంగా తిరిగి నిలబడింది. ఇంకేం చెయ్యాలది, వచ్చి ఒళ్ళో కూర్చోవాలా? తప్పాను. ఆలస్యమైనా సరే, కొయ్యండి."

వెనక్కి తిరిగి నిలబడింది. గళ్ళ చొక్కా అంచు పైకి లాగి పట్టుకుంది.

ఎవరూ లేవలేదు.

"పిన్నీ," అంది జానీన్ నెమ్మదిగా, "నా చొక్కా ఒకటిస్తా, అది వేసుకో. దాన్ని కోద్దాం."

"తప్పినప్పుడు ఒంటిమీదున్నదే కొయ్యాలి. ఆ రూలు పెట్టింది మీ తాత."

"నేను కొయ్యను," అన్నాడు ఉర్హో.

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు."

"తెలీదు. చెప్పండి."

"అది వాడి చొక్కా!"

"గురి తప్పింది ఆయనా, నేనా? వెర్నర్ చచ్చిపోయాడు బావగారూ. శవపెట్టె మోసింది మీరే. నేను చావలేదు. ఇక్కడ తోక కోసేది బతికున్నవాళ్ళకే కదా?"

ఇన్ని నెలల్లో ఆ మాట ఆమె ముందు ఎవరూ అనలేదు. పోయాడనేవాళ్ళు, వెళ్ళిపోయాడనేవాళ్ళు, కొందరైతే చెయ్యి పైకి చూపించి ఊరుకునేవాళ్ళు. జానీన్ కళ్ళు తుడుచుకుంది. ఉర్హో మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఆ గోడ చూడు," అన్నాడు. "మా నాన్నవి ఉన్నాయి. నావి ఆరున్నాయి. ఈ క్లైడ్ గాడివి దుప్పటి కుట్టుకోవచ్చు. వెర్నర్‌ది ఒక్క తోకా లేదు. ఒక్కటీ. బతికినన్నాళ్ళూ తప్పలేదు నా తమ్ముడు. ఇప్పుడు, వాడు లేనప్పుడు, వాడి చొక్కా నా చేత్తో కోసి ఆ గోడకి కొట్టమంటావా? నా వల్ల కాదు."

మార్లిస్ చొక్కా వదిలేసి ఇటు తిరిగింది. చెప్పనని మాటిచ్చిన సంగతి ఒకటుంది. మాటిచ్చింది భర్తకి. పడకగదిలో, ఒట్టు వేయించుకుని మరీ అడిగాడు. అది తప్పితే ఆయనతో తనకి మిగిలిన రహస్యం ఇంకోటి లేదు. చెప్పేస్తే అదీ పోతుంది.

"తప్పాడు," అంది.

"ఏంటి?"

"తప్పాడు. రెండుసార్లు. నాకు చెప్పి, మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. మీరు ముసలితనం దాకా ఏడిపిస్తారని."

"అబద్ధం. పేలిస్తే మాకు వినపడదా?"

"వినపడింది. నక్క మీద పేల్చానని చెప్పాడు."

ఉర్హో బల్ల మీద గుద్దాడు. కాఫీ డబ్బా ఎగిరి కింద పడింది.

"ఆ నక్క! మంచులో నక్క అడుగులు ఎక్కడా లేవురా అంటే, అది మొద్దుల మీంచి గెంతుకుంటూ పోయిందన్నాడు! నేను నమ్మాను! రెండో ఏడాది మళ్ళీ అదే నక్క!"

"నేను దాని కోసం రెండు రోజులు బోను పెట్టాను కదరా," అన్నాడు క్లైడ్, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో. "పంది కొవ్వు పెట్టాను. వాడే వచ్చి ఎక్కడ పెట్టాలో చూపించాడు."

"దొంగ వెధవ!" అని అరిచాడు ఉర్హో పైకప్పు కేసి చూసి. "నా మొహం మీదే అబద్ధమాడి, నేను తప్పినప్పుడల్లా నన్ను పట్టుకుని నవ్వాడు! దొంగ వెధవ!" కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో జానీన్‌కి తెలియక వెళ్ళి భుజం పట్టుకుంది. క్లైడ్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, ఈసారి మార్లిస్ వైపు చూసి ఆపలేదు.

మార్లిస్‌కి నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. కానీ వాళ్ళ నవ్వు చెవికి తగిలింది. గదిలో అటుపక్క నుంచి కాదు, దగ్గర్నుంచి. మళ్ళీ వెనక్కి తిరిగి చొక్కా అంచు పట్టుకుంది.

ఉర్హో కత్తెర తీశాడు. తిట్టకుండా కొయ్యకూడదు కాబట్టి ముందు తిట్టాడు. "అడ్డంగా నిలబడ్డ ఎనిమిది మొనల దుప్పి! గుడ్డిది కూడా కొడుతుంది! మూడు వందల మందికి గరిటె తిప్పే చేతికి ఒక్క వేలు తిప్పడం రాలేదా?"

"పిన్నీ, నువ్వు పేల్చిన చప్పుడుకి దుప్పి భయపడలేదట, సిగ్గుపడి పారిపోయిందట," అంది జానీన్, ముక్కు చీదుకుంటూ.

కత్తెర పడింది. ఉన్ని మందం. కోత ఎడమవైపు నుంచి మొదలై వెన్నెముక దగ్గర ఆగిపోయింది, అక్కడిదాకా తెగిన ముక్కని ఊడదీశాడు.

"ఏం కోతరా అది, ఎలక కొరికినట్టు!" అన్నాడు క్లైడ్.

వీపు మీద కోసిన చోట చలి తగిలింది ఆమెకి.

ఉర్హో పెన్సిల్ ముక్క నాలిక మీద తడి చేసుకుని, గళ్ళల్లో ఎరుపు మీద మార్లిస్ అని రాశాడు. ఏడాది వేశాడు. పొయ్యి వెనక్కి వెళ్ళి, తన ఆరు తోకల పక్కన చోటు చూసి మేకు కొట్టాడు. కొట్టి, కత్తెరతో మళ్ళీ ఆమె వెనక్కి వచ్చాడు.

"ఇటు తిరుగు. ఇంకా సగం ఉంది. వాడి నక్కల బాకీ తోకలు రెండూ కూడా కోసేస్తాను."

మార్లిస్ మిగిలిన అంచుని గుప్పిట్లో బిగించి ఒక అడుగు వెనక్కి వేసింది.

"అవి ఇప్పుడు కాదు. వచ్చే నవంబరులో," అంది. "నేనొచ్చాక. నేను లేకుండా ఎవరూ ఆ కత్తెర ముట్టుకోవడానికి వీల్లేదు."